చుక్కల గుడ్డ, వెనక వైపు

పై వాటా గది
జూన్ 4

అక్కకి,

టైపు ఉత్తరం చూసి కంగారు పడకు. ఆఫీసులో పాత టైపు మిషన్ మూల పడేస్తుంటే నేను తెచ్చుకున్నాను. చేత్తో రాయడం కంటే ఇదే సుఖంగా ఉంది.

ఒక పని అడగాలి. మన ఓడల ఆట గుర్తుందిగా? బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, అదే అంతరిక్షం అనుకుని, బొటనవేలంత సీసపు ఓడలతో యుద్ధాలు చేసేవాళ్ళం. నీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆ ఓడలు సగం నీ దగ్గరే ఉన్నాయి, సగం నా పెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు ఉత్తరాల్లో ఆడదామని నా ఆలోచన. ఒక ఉత్తరంలో నీ ఎత్తు, మరో ఉత్తరంలో నా ఎత్తు.

అందుకు అచ్చం ఒకేలాంటి గుడ్డలు రెండు కావాలి. ఒకటి నీ బల్ల మీద, ఒకటి నా బల్ల మీద. నీ గుడ్డలో ఏ చుక్క ఎక్కడుందో నా గుడ్డలోనూ అక్కడే ఉండాలి. అప్పుడే "ఫలానా చుక్క పక్కన నా ఓడ ఉంది" అంటే ఇద్దరికీ ఒకటే అర్థమవుతుంది.

నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. మందపాటి నల్ల గుడ్డ. చుక్కలు రంగుతో పెట్టకు, పెచ్చులూడతాయి. తెల్ల దారంతో ముడులు కుట్టు. చిన్నవి, మధ్యరకం, పెద్దవి, మూడు సైజులు.

కుట్టాక నువ్వే పట్టుకొస్తానంటావేమో. అక్కర్లేదు, పార్సెల్ చేస్తే చాలు. ఇక్కడంతా బాగానే ఉంది.

తమ్ముడు


కుట్టు షెడ్డు
జూన్ 11

ఒరేయ్ తమ్ముడూ,

ఏడాదిన్నరకి ఒక ఉత్తరం రాసి, అందులో కూడా పనే చెప్తావా? బాగుంది వరస. కవరు మీద టైపు అక్షరాలు చూసి, ఎవరో కోర్టు నోటీసు పంపించారనుకుని మీ బావ చేతులు కడుక్కుని మరీ విప్పాడు. రెండు చోట్ల లైను మీద లైను పడి ఒక్క ముక్క అర్థం కాలేదు. సుఖంగా ఉందట, సుఖం!

పాత గుడ్డ నువ్వే చేశావు కదరా. నల్ల రంగు కొట్టి, పళ్ళ బ్రష్షుని తెల్ల రంగులో ముంచి, బొటనవేలితో చిమ్మావు. నా గోడ మీద నీ నక్షత్రాలు ఇంకా అలాగే ఉన్నాయి. పన్నెండేళ్ళలో ఒక్క చుక్క పెచ్చు ఊడలేదు. అరగంటలో అయిపోయే పనికి నా చేత వందల ముడులు కుట్టిస్తావా? నాకిక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే తీరిక ఉందనుకున్నావేమో. షెడ్డులో ఇప్పుడు మూడు మిషన్లు, ఇద్దరు పనివాళ్ళు. ఒక బడికి తొమ్మిది వందల బ్యాడ్జీలు కుట్టిస్తున్నాను. యాభై రెండేళ్ళకి గుమ్మం మీద నా పేరుతో బోర్డు పడింది, వచ్చి చూసింది లేదు నువ్వు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఓ మూరెడు ముక్క మీద కుట్టి చూశాను. ఆకాశం రాలేదు, దుప్పటి వచ్చింది. ఎంత చెదరగొడదామన్నా నా చెయ్యి సమానంగా ఎడం వదిలేస్తోంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. ఏం చెయ్యాలో చెప్పు.

ఇంకో సంగతి. అంతా బాగానే ఉందంటే నాకు అనుమానమే. కాలు విరిగినప్పుడు కూడా నెల్లాళ్ళు "అంతా బాగానే ఉంది" అనే రాశావు. నేను కుట్టు పరీక్ష వదిలేసి బస్సెక్కాల్సొచ్చింది. ఇంకోసారి అలాంటి వేషాలు వేశావంటే నిన్నూ నీ పెట్టెనీ కలిపి బస్సులో పడేసి తెచ్చేసుకుంటాను, ముందే చెప్తున్నా.

అక్క


పై వాటా గది
జూన్ 19

అక్కకి,

దుప్పటి రావడంలో వింతేం లేదు. ఆలోచించే చెయ్యి వరసలు కడుతుంది. ఆకాశం అలా ఉండదు. ఒకచోట గుంపుగా పాతిక ఉంటాయి, పక్కనే చేటంత ఖాళీ ఉంటుంది. ఆటకి కావలసింది ఆ తేడానే. అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఓడ ఎక్కడుందో చెప్పడానికి గుర్తేం ఉంటుంది? గుప్పెడు ఏదైనా గుడ్డ మీద విసురు. పడ్డచోట గుర్తు పెట్టి కుట్టెయ్యి.

దీంతో ఒక పుల్ల పంపుతున్నాను. కొలవడానికి స్కేలు బదులు ఇదే వాడదాం. బెత్తెడుకో గాటు పెట్టాను. అచ్చం ఇలాంటిదే నా దగ్గరా ఉంది. నియమాలు పాతవే, కొంచెం తగ్గించాను. ఒక్కొక్కరికి ఒక పెద్ద ఓడ, నాలుగు చిన్నవి. మన పేర్లే, పెద్దమ్మ, కందిరీగలు. పెద్దమ్మ ఒక ఎత్తులో ఐదు గాట్లు కదులుతుంది, కందిరీగ ఎనిమిది. ఒక ఉత్తరంలో ఎన్ని ఓడలైనా కదపొచ్చు. శత్రువు ముక్కుకి సూటిగా, మూడు గాట్ల లోపల దొరికితే దెబ్బ. కందిరీగ ఒక్క దెబ్బకి పోతుంది, పెద్దమ్మకి రెండు కావాలి. పాచికలు వద్దు.

ఆఫీసులో నన్ను నక్షాల బల్ల నుంచి ఫోన్ సీటుకి మార్చారు. కుళాయి రావట్లేదని జనం తిట్టే తిట్లు విని, ఏ పైపు ఎక్కడ మూశారో చెప్పడం పని. పదకొండేళ్ళు గీసిన పైపులు కదా, నోటికొచ్చు. మూడు నెలలు చూసి, పనికొస్తానో లేదో తేలుస్తారట.

కాలు సంగతి ఇంకా ఎన్నేళ్ళు దెప్పుతావు?

తమ్ముడు


కుట్టు షెడ్డు
జులై 16

ఒరేయ్ తమ్ముడూ,

ఆకాశం తయారైంది. ఇక నా పాట్లు విను.

మొదట పూసలు విసిరాను. అవి దొర్లుకుంటూ మిషన్ల కిందకి పోయాయి. గుండీలు విసిరితే ఎగిరి ఎక్కడెక్కడో పడ్డాయి. ఆఖరికి రాళ్ళుప్పు. పడ్డచోటే ఉంటుంది, నల్ల గుడ్డ మీద తెల్లగా కనిపిస్తుంది. నేను విసిరితే మళ్ళీ దుప్పటే వస్తోందని మీ బావ చేత విసిరించాను. ఆయన చెయ్యి ఆలోచించదు కదా. బ్రహ్మాండంగా వచ్చింది. ఈ మాట ఆయనతో అంటే పొగిడాననుకున్నాడు.

రెండు గుడ్డలూ ఒకదాని మీద ఒకటి వేసి, చుట్టూ సూదులు గుచ్చి కదలకుండా చేశాను. ఉప్పురాయి ఉన్నచోటల్లా దబ్బనంతో రెండు గుడ్డలకీ కలిపి ఒక్క పోటు. ఆ తర్వాత విడదీసి, బెజ్జం బెజ్జంకీ ముడి కుట్టాను. గుడ్డకి నాలుగు వందల పన్నెండు. పనివాళ్ళు సాయం చేస్తామన్నారు కానీ నేనే ఒప్పుకోలేదు. ఒక చేతి ముడిలా ఇంకో చేతి ముడి రాదు. నడుం పట్టేసింది, నీకు పుణ్యం ఉంటుంది.

చుక్కలకి పేర్లు కూడా పెట్టాను. ఒక అంచున పదకొండు చిన్న చుక్కలు బారుగా పడ్డాయి, అది చీమల బారు. ఆ అంచు నీది, ఎదుటి అంచు నాది. ఒంటరిగా ఉన్న పేద్ద చుక్క పొట్టోడు. ఒకదాన్నొకటి ఉరిమి చూస్తున్నట్టున్న జంట, పేచీ. మిగతావి చూస్తే నీకే తెలుస్తాయి. ఏది పైవైపో ఏది వెనకో గుడ్డివాడికి కూడా తెలిసేలా రాసి పెట్టానులే, అడగక్కర్లేదు.

నీ వంతు గుడ్డ పార్సెల్లో వస్తోంది. మొదటి ఎత్తు నీదే.

అక్క


పై వాటా గది
జులై 27

అక్కకి,

గుడ్డ అందింది. బల్లకి సరిగ్గా సరిపోయింది. చుక్కలు భలే గట్టిగా కుదిరాయి, ఒక్కొక్కటీ ఆవగింజలా తగులుతోంది. పొట్టోడు దొరికాడు. చీమల బారు దొరికింది. పేచీ కోసం ఓ పూట వెతికాను, అదీ దొరికింది. మీ బావకి నా అభినందనలు చెప్పు. ఇంత చక్కగా ఆలోచన లేని పని ఈ మధ్య నాకు తగల్లేదు.

నా ఎత్తు: పెద్దమ్మ, నా అంచు మధ్య నుంచి ఐదు గాట్లు తిన్నగా ముందుకి. కందిరీగలు కదలవు.

తమ్ముడు


కుట్టు షెడ్డు
ఆగస్టు 3

ఒరేయ్ తమ్ముడూ,

ఆవగింజలేమిటిరా? నా ముడులు దూదిలా మెత్తగా ఉంటాయి. నీ వేళ్ళు ఫోన్ తిప్పి తిప్పి మొద్దుబారాయేమో. "మీ బావ" ఏమిటి, ఆయన నాకు బావా? నీకు బావ. ఉత్తరం రాసేటప్పుడు బుర్ర ఎక్కడ పెడుతున్నావు?

నా ఎత్తు: ఒక కందిరీగ తిన్నగా ఎనిమిది గాట్లు వచ్చి పొట్టోడి అవతల ఆగింది. ఇంకోటి పేచీ వైపు బయల్దేరింది, ఆరు గాట్లు. పెద్దమ్మ ఇంట్లోనే ఉంది, తొందర లేదు దానికి.

బడి బ్యాడ్జీలు వచ్చే నెలాఖరుకి అయిపోతాయి. అప్పుడు నాలుగు రోజులు వచ్చి నీ బల్ల దగ్గరే ఎదురుగా కూర్చుని ఆడతాను. నీ గది ఎలా ఉందో కూడా చూడాలి.

అక్క


పై వాటా గది
ఆగస్టు 10

అక్కకి,

రావద్దు. ఎదురుగా కూర్చుంటే నా మొహం చూసి ఎత్తు కనిపెట్టేస్తావు. ఉత్తరాల్లోనే బాగుంది.

నా ఎత్తు: పెద్దమ్మ రెండు గాట్లు ముందుకి, ఎడమకి తిరిగి మూడు గాట్లు. పొట్టోడి పక్కన ఆగింది. అవతలున్న నీ కందిరీగ రెండు గాట్ల దూరంలో, ముక్కుకి సూటిగా ఉంది. దెబ్బ. దాన్ని పెట్టెలో పెట్టెయ్.

తమ్ముడు


కుట్టు షెడ్డు
ఆగస్టు 17

శ్రీ తొండి గారికి,

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా! పొట్టోడు నీకు కుడి చేతి వైపు ఉన్నాడు. ఎడమకి తిరిగినవాడివి వాడి పక్కకి ఎలా వస్తావు? నువ్వు చెప్పినట్టే పుల్ల పెట్టి కొలిచాను. నీ పెద్దమ్మ పేచీ దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. దాని ముందు నా కందిరీగ కాదు కదా, ఈగ కూడా లేదు.

మీ బావని మధ్యవర్తిగా పిలిచాను. ఆయన కూడా కొలిచి "తొండే" అన్నాడు. ఎత్తు వెనక్కి తీసుకో.

అక్క


పై వాటా గది
ఆగస్టు 23

అక్కకి,

మూడుసార్లు మళ్ళీ కొలిచాను. ఎడమే. నా గుడ్డ మీద పొట్టోడు ఎడమ వైపే ఉన్నాడు.

చిన్నప్పుడు నూటికి తొంభైసార్లు తొండి చేసిన మాట నిజం. ఇది మాత్రం ఆ మిగిలిన పదిలోది. నువ్వు నమ్మకపోతే నాకు నిజంగానే కష్టంగా ఉంటుంది, ఎందుకో ఇప్పుడు చెప్పలేను. సూదులు జారి నీ గుడ్డలు రెండూ వేరు వేరుగా వచ్చాయేమో, నీ కుట్టు ఒకసారి చూసుకో.

తమ్ముడు


కుట్టు షెడ్డు
ఆగస్టు 30

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్నవారికి,

మీరెవరో నాకు తెలీదు. అమ్మ అయితే అమ్మ, అయ్య అయితే అయ్య, మీకు నమస్కారం. వాడు కూర్చున్నాడో నిలబడ్డాడో చూడండి. నిలబడి ఉంటే కూర్చోబెట్టి, తర్వాత కింది ముక్క చదవండి.

చిన్నాడా,

నీకు కనిపించడం లేదు కదూ.

నా కుట్టు తప్పన్నావని ఒళ్ళు మండింది. దబ్బనం పోటు ఎక్కడ తప్పిందో చూద్దామని నా గుడ్డని తిరగేసి పరిచాను. చీమల బారు అక్కడే ఉంది. పొట్టోడు ఎడమకి వచ్చేశాడు. పేచీ కుడికి పోయింది. నువ్వు చెప్పినట్టు పెద్దమ్మని నడిపించాను. వచ్చి సరిగ్గా పొట్టోడి పక్కన ఆగింది. అంటే నువ్వు గుడ్డ వెనక వైపు మీద ఆడుతున్నావు.

ముడులు ఊడిపోకుండా వెనక ఒక్కోదానికి ఒక జిగురు బొట్టు పెట్టాను. అది ఎండితే గింజలా గట్టిపడుతుంది. నీ ఆవగింజలు అవే. అంతవరకు పొరపాటే అనుకుందును. కానీ ఆ గుడ్డ వెనకాల నడిమధ్యన "వెనక" అని పసుప్పచ్చ రంగుతో నేను రాశాను రా. ఒక్కో అక్షరం అరచెయ్యంత. నల్ల గుడ్డ మీద పసుపు. వీధి చివర నుంచి చూసినా కనిపిస్తుంది. కళ్ళున్నవాడెవడూ దాన్ని పైకి పెట్టి ఓడలు నిలబెట్టడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. టైపు మిషన్. లైను మీద లైను. రంగు వద్దనడం. గాట్ల పుల్ల. ఫోన్ సీటు. చుక్కలు "దొరికాయి" అనడం. నేను "గుడ్డివాడికి కూడా తెలిసేలా" అని రాశాను నీకు. నా నోరు పడిపోను.

షెడ్డులో అందరి ముందూ ఏడ్చాను. పనివాళ్ళు భయపడి మీ బావని పిలుచుకొచ్చారు.

సెప్టెంబరు ఇరవైకి బస్సు టికెట్ తీశాను. షెడ్డు కొన్నాళ్ళు మూసేస్తాను. బ్యాడ్జీలు ఎవరికైనా ఇచ్చేస్తాను. నువ్వు పెట్టె సర్దుకుని ఉండు. ఎదురు చెప్పకు.

అక్క


పై వాటా గది
సెప్టెంబరు 6

అక్కకి,

చదివి పెడుతున్నది కింద వాటా టీచరమ్మ. రిటైరయ్యారు. సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద చదువుతారు, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేరు. అందుకే గుడ్డని ఆవిడ చూడలేదు. నీ ఉత్తరం మొదటి ముక్క చదివి ఆగిపోయి, "కూర్చున్నారా బాబూ?" అని అడిగారు. అప్పుడే అర్థమైంది, దొరికిపోయానని.

నిజమే. కంటి వెనక నరం ఎండిపోతోందన్నారు. పోయిన ఏడాది అక్టోబరులో మొదలైంది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. మందు లేదు. ముగ్గురు డాక్టర్లు ఒకే మాట చెప్పారు కాబట్టి నువ్వు నాలుగో వాణ్ణి వెతకొద్దు.

పైవైపు రాసి పెట్టానన్నావు. నాకు తెలిసేలా కుట్టి ఉంటావేమో అనుకుని రెండు వైపులా తడిమాను. ఒకవైపు మెత్తగా, ఒకవైపు గట్టిగా ఉంది. చుక్కంటే చేతికి తగలాలి కదా అని గట్టి వైపే పైన వేశాను. నువ్వొకందుకు పోస్తే నేనొకందుకు తాగాను.

ఎందుకు దాచానో కూడా చెప్తాను. అమ్మ పోయినప్పుడు నువ్వు చదువు మానేశావు. నా కాలు విరిగితే పరీక్ష మానేశావు. ఇప్పుడు షెడ్డు మూసేస్తానని టికెట్ కూడా తీశావు. నేను భయపడింది సరిగ్గా ఇందుకే. ఆఫీసులో అందరూ అంటున్నది ఒకటే మాట, "అక్క ఉందిగా, ఆవిడ దగ్గరికి పోక ఈ వయసులో ఈ అవస్థ ఎందుకు?" అని. మా పెద్ద ఇంజనీరు ఒక్కడే మూడు నెలలు చూద్దామన్నాడు. నువ్వు వచ్చి నా పెట్టె సర్దావంటే ఆ మూడు నెలలూ ఆ రోజుతో సరి. ముప్ఫై తొమ్మిదేళ్ళకి నేను నీ ఇంటి మూలగదిలో కుర్చీనైపోతాను. నువ్వు బాగా చూసుకుంటావు, నాకు తెలుసు. అదే భయం.

ఇక్కడ మెట్లు పద్దెనిమిది. ఆఫీసుకి నాలుగు వందల ముప్ఫై అడుగులు, ఒక్క రోడ్డు దాటాలి. స్టవ్వు వెలిగించుకోగలను. చొక్కా గుండీ కుట్టుకున్నాను, వంకరగా వచ్చిందని టీచరమ్మ అన్నారు.

రావద్దక్కా. ఇదొక్కటీ నా మాట విను.

తమ్ముడు


కుట్టు షెడ్డు
సెప్టెంబరు 14

చిన్నాడా,

టికెట్ వాపసు చేశాను. మీ బావ నోరు తెరిచాడు, ఈ ముప్ఫై ఏళ్ళలో నేను ఒకరి మాట వినడం చూడలేదట.

ఊరికే వాపసు చెయ్యలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం కళ్ళకి గుడ్డ కట్టుకుని నా బల్ల దగ్గర కూర్చున్నాను. నేనే కుట్టిన గుడ్డ. నాలుగు వందల పన్నెండు ముడులూ నా చేతివే. పొట్టోణ్ణి పట్టుకోవడానికి గంట పట్టింది. మధ్యలో రెండు ఓడలు కింద పడేశాను, ఒకదాని తోక విరిగింది. పేచీ దొరకనే లేదు. నువ్వు ఒక్క పూటలో పట్టావు, పైగా నా కందిరీగని కూల్చావు. అప్పుడు మీ బావతో అన్నాను, వాడు నేననుకున్నంత పసివాడు కాదండీ అని.

ఆ కందిరీగ పోయినట్టే లెక్క. తొండి అన్నందుకు చెంపలేసుకుంటున్నాను. నీ గుడ్డ నువ్వు తిప్పక్కర్లేదు. నేనే నా గుడ్డని తిరగేసుకున్నాను. ఇకనుంచి మన ఆకాశం వెనక వైపే. నా బల్ల నడిమధ్యన "వెనక" అని కనిపిస్తూ ఉంటుంది, ఉండనీ.

నా ఎత్తు: పెద్దమ్మ ఐదు గాట్లు ముందుకి, పొట్టోడికి మూడు గాట్ల దూరంలో, నీ పెద్దమ్మ ముక్కుకి సూటిగా. కందిరీగలు వెనక్కి, ఇంటికి.

ఒంట్లో జాగ్రత్త. రోడ్డు దాటేటప్పుడు ఎవరినైనా చెయ్యి అడుగు, నామోషీ పడకు.

అక్క


పై వాటా గది
సెప్టెంబరు 21

అక్కకి,

నీ ఎత్తు బల్ల మీద పెట్టి చూసుకున్నాను. పెద్దమ్మని ఒంటరిగా తీసుకొచ్చి నా ముక్కు ముందు నిలబెట్టావు. కాపలా కందిరీగల్ని ఇంటికి పంపేశావు. పన్నెండేళ్ళ క్రితం నేను ఇలాంటి ఎత్తు వేస్తే నెత్తి మీద మొట్టేదానివి. ఇది ఎత్తు కాదు. భిక్ష.

అక్కా, నేను రోడ్డు మీదకి వెళ్తే అడక్కుండానే నలుగురు చెయ్యి పట్టుకుంటారు. ఆఫీసులో నా టీలో చక్కెర నన్ను కలుపుకోనివ్వరు. ఫోన్లో తిట్టే జనం కూడా, సంగతి తెలిస్తే, గొంతు తగ్గించి సారీ చెప్తారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనంతో నాకు ఊపిరాడటం లేదు. ఈ నాలుగు నెలల్లో నన్ను తిట్టినవాళ్ళూ, దొంగ అన్నవాళ్ళూ, నన్ను ఓడించి తీరాలని చూసినవాళ్ళూ ఎవరైనా ఉన్నారంటే నువ్వొక్కదానివే. నీ తొండి ఉత్తరం విన్న రోజు నేను ఎంత నవ్వానో టీచరమ్మని అడుగు. అది కూడా తీసేసుకుంటే ఇంకేం మిగిలింది నాకు?

నేను కొట్టను. నీ ఎత్తు వెనక్కి తీసుకో. లేదంటే గుడ్డ మడిచి పార్సెల్ చేసేస్తాను.

తమ్ముడు


కుట్టు షెడ్డు
సెప్టెంబరు 28

శత్రువుకి,

పోయినసారి ఎత్తు నాది కాదు, నా ఏడుపుది. వెనక్కి తీసుకున్నాను. నువ్వే అడిగావు కనక ఇక కాచుకో.

నా ఎత్తు: పెద్దమ్మ ఇంట్లోనే ఉంటుంది. పేచీ వైపు వెళ్ళిన కందిరీగ అక్కణ్ణుంచి తిరిగొచ్చి నీ పెద్దమ్మ వెనక వీపున నిలబడింది, రెండు గాట్ల దూరం. దాన్ని నువ్వు పట్టించుకోలేదు, నీ ఖర్మ. ఒక దెబ్బ. రెండో కందిరీగ ఎనిమిది గాట్లూ వాడుకుని పక్క నుంచి వచ్చింది, మూడు గాట్ల దూరం. రెండో దెబ్బ.

నీ పెద్దమ్మ మునిగింది. పెట్టెలో పెట్టెయ్. పెద్ద ఓడని కాపలా లేకుండా ఒంటరిగా తిప్పేవాడికి ఇంకేం జరుగుతుంది? ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, చెవినెక్కదు. బుర్రలో ఉండాల్సింది మోకాల్లో ఉంటే ఇంతే.

బ్యాడ్జీలు అయిపోయాయి. ఇంకో బడి వాళ్ళు వచ్చారు. నాకు తీరిక లేదు, త్వరగా ఓడిపో.

అక్క


పై వాటా గది
అక్టోబరు 5

అక్కకి,

పెద్దమ్మని పెట్టెలో పెట్టాను. కొలుద్దామని పుల్ల తీసుకుని రెండుసార్లు తడిమాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. రెండు దెబ్బలూ ఖాయమే. రెండు రోజులు కోపంతో అన్నం సరిగ్గా తినలేదు. ఫోన్లో ఒకాయన కుళాయి రావట్లేదని తిడితే, నేనూ నాలుగు తిట్టాను. ఆయన మా ఇంజనీరుకి ఫిర్యాదు చేశాడు. ఇంజనీరు నన్ను పిలిచి, మిగతా గుమాస్తాలని ఎలా చివాట్లు పెడతాడో అచ్చం అలాగే పెట్టాడు. చివర్లో, పై నెల నుంచి ఉదయం ఏడింటికే డ్యూటీ, ఆలస్యంగా వస్తే జీతం కోస్తానన్నాడు. మూడు నెలల మాట మళ్ళీ ఎత్తలేదు.

నీ ఉత్తరం చదువుతూ టీచరమ్మ "పెట్టెలో పెట్టెయ్" దగ్గర ఆగిపోయారు. తర్వాత నెమ్మదిగా, "ఏమిటి బాబూ, కళ్ళు లేని తమ్ముడని కూడా చూడకుండా, మీ అక్కయ్య మరీ ఇంత రాక్షసా?" అన్నారు.

"అవునండీ" అన్నాను. "మళ్ళీ మొదటి నుంచి చదవరూ?"

తమ్ముడు